56 మోటర్ల కారులో నర్సింహులపేటకు

వరంగల్ నుంచి ఖమ్మం దిక్కు పోయే హైవే మీద వర్ధన్నపేట, రాయపర్తి, తొర్రూరు వరుసగా వస్తాయి. తొర్రూరు దాటాక హైవే వదిలి లోపలికి తిరిగితే నర్సింహులపేట మండలం. ఒకప్పుడు వరంగల్ జిల్లా, 2016 అక్టోబర్ నుంచి మహబూబాబాద్ జిల్లా. ఇక్కడివాళ్ల నోట్లో మాత్రం జిల్లా కేంద్రం ఇప్పటికీ మానుకోటే. వరి, పత్తి, మిర్చి చేన్లు, మధ్యమధ్యలో తండాలు, ఇంకాస్త ముందుకు పోతే ఆకేరు వాగు. యాసంగి కోతలప్పుడు వచ్చారంటే రోడ్డు సగం వడ్లదే. ఆరబోసిన వడ్ల అంచున వరసగా రాళ్లు పెడతారు. మిగిలిన సగంలో మనం, ట్రాక్టర్, ఆటో, బర్లు అందరం సర్దుకోవాలి.

ఈ రోడ్డు మీదికి ఏప్రిల్ ఎండల్లో ఒక ఎలక్ట్రిక్ కారులో వెళ్లాను. హనుమకొండలో ఉండే దోస్తుది. పెద్ద బ్యాటరీ, దాదాపు 280 హెచ్‌పీ. హైవే మీద కాలు పెడితే వీపు సీటుకు అతుక్కుంటుంది. ఊరి రోడ్డెక్కాక ముప్పై దాటలేదు.

మామ ఇంటి ముందు ఆపగానే ఆయన అడిగిన మొదటి మాట ధర గురించి కాదు.

"గిది ఎన్ని హెచ్‌పీ అల్లుడా?"

ఊళ్లో హెచ్‌పీ అంటే బోరు మోటరే. "280 మామా" అన్నాను. ఆయన వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. "నా బోరు మోటర్ 5 హెచ్‌పీ. అంటే 56 మోటర్లు ఇండ్ల పెట్టిన్రా?"

లెక్క కరెక్టే. కానీ ఆ 56 మోటర్లు ఎప్పుడూ ఒకేసారి తిరగవు. ఎకో మోడ్‌లో పెడితే కారు కొంత పవర్‌ని పక్కన పెట్టేస్తుంది. బ్యాటరీ బాగా తగ్గినప్పుడు ఇంకొంత కోస్తుంది. చార్జ్ తగ్గేకొద్దీ వోల్టేజ్ పడిపోతుంది. అదే పవర్ కావాలంటే ఎక్కువ కరెంట్ లాగాలి, లాగితే సెల్స్ వేడెక్కుతాయి. అందుకే నలభై డిగ్రీల ఎండలో గట్టిగా తోలుతూ పోతే కారు తనంతట తానే నెమ్మదిస్తుంది. పోర్షే టైకాన్ టర్బో ఎస్ మొదటి మోడల్‌నే చూడండి. మామూలుగా 625 హెచ్‌పీ, లాంచ్ కంట్రోల్ వాడిన కొన్ని క్షణాలు మాత్రమే 761. ఆ పైపవర్ ఎంతసేపు ఇవ్వాలన్నది సాఫ్ట్‌వేర్ చేతిలో ఉంటుంది.

ఇదంతా మామకు చెప్పడానికి నేను తంటాలు పడక్కర్లేకపోయింది. "గంతే కదా, ట్రాన్స్‌ఫార్మర్ లెక్క" అన్నాడు. వ్యవసాయానికి 24 గంటల కరెంట్ 2018 జనవరి 1 నుంచి వచ్చింది. అంతకుముందు కరెంట్ ఎప్పుడొస్తుందో తెలియక రైతులు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకునేవాళ్లు. కరెంట్ రాగానే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది మోటర్లన్నీ ఒక్కసారి లేస్తాయి. లోడ్ ఆగక ట్రాన్స్‌ఫార్మర్ కాలితే అది బాగై వచ్చేదాకా అందరి పొలాలూ ఎండుతాయి. అందుకే ఆటో స్టార్టర్లు తీసెయ్యమని అధికారులు ఊరూరా చెప్పారు. ఉన్న పవర్‌ని ఉన్నంతా లాగకూడదని ఈ ఊరికి ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఆ రాత్రి కారును ఇంట్లో 15 ఆంప్స్ ప్లగ్గుకు పెట్టాం. దాంట్లోంచి వచ్చేది సుమారు 3 కిలోవాట్లు, అంటే మామ బోరు మోటర్ తాగే కరెంట్ కన్నా తక్కువే. మంచాలు వాకిట్లో వేసుకుని మాట్లాడుకుంటుంటే షావోమీ సంగతి చెప్పాను. మన చేతుల్లో ఫోన్లు చేసే కంపెనీయే. 2025లో చైనాలో ఎస్‌యూ7 అల్ట్రా అనే కారు అమ్మింది. 1,548 హెచ్‌పీ. మామ లెక్కలో మూడొందల బోర్లకు పైనే. కొన్ని నెలలకే, మే నెలలో, ఫోన్‌కి వచ్చినట్టే కారుకీ ఒక అప్‌డేట్ వచ్చింది. దాంతో పవర్ సుమారు 900కి పడిపోయింది. పూర్తి పవర్ కావాలంటే కంపెనీ చెప్పిన రేస్ ట్రాక్ మీద, చెప్పిన టైమ్‌లోపు ల్యాప్ కొట్టి చూపించాలి. కొన్నవాళ్లు గొడవ చేశారు. కంపెనీ ఆ అప్‌డేట్‌ని వెనక్కి తీసుకుంది.

మామ లేచి కూర్చున్నాడు. "పైసలు మొత్తం కట్టినంక తాళం ఆని తాన ఎందుకుంటది? గట్లయితే అమ్మేటప్పుడే 900 అని చెప్పి, దానికే పైసలు తీస్కోవాలె."

అత్త మాత్రం ఒప్పుకోలేదు. "నువ్వు ఊకో. వడ్లు పోసినకాడ పోరగాళ్లు ఆడుకుంటరు. మూడొందల మోటర్ల బండి అటు దిక్కు నుంచి వస్తే ఏంగావాలె? తాళం ఉంటేనే మంచిది."

ఇద్దరి మాటా నిజమే. నాకు అర్థమైంది ఏంటంటే, 'పవర్ లిమిట్' అనే ఒక్క పేరు కింద మూడు వేర్వేరు తాళాలున్నాయి.

మొదటిది బండిని కాపాడే తాళం. బ్యాటరీ వేడెక్కితే పవర్ కోయడం లాంటిది. దీని మీద ఎవరికీ పేచీ లేదు.

రెండోది ఎదుటివాళ్లను కాపాడే తాళం. 250 వాట్ల లోపు మోటర్, గంటకు 25 కిలోమీటర్లు దాటని స్కూటర్‌కి మన దేశంలో లైసెన్స్, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ హద్దు చట్టంలోనే ఉంది, కొనేముందే అందరికీ తెలుసు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేస్ జరిగింది, గుర్తుందా? ఆ కార్లు 350 కిలోవాట్లు ఇవ్వగలవు. రేస్‌లో మాత్రం 300కే కట్టేస్తారు, మిగతాది అటాక్ మోడ్‌లో కాసేపే. అయినా ఏ డ్రైవరూ మోసం అనలేదు. ఎందుకంటే రూల్ ముందే తెలుసు, అందరికీ అదే రూల్.

మూడోది అమ్మకం కోసం వేసే తాళం. టెస్లా ఒకప్పుడు కొన్ని మోడల్ ఎస్ కార్లలో 75 కిలోవాట్ అవర్ బ్యాటరీ పెట్టి, సాఫ్ట్‌వేర్‌తో 60కి కుదించి తక్కువ ధరకు అమ్మింది. 2017లో ఫ్లోరిడా మీదికి ఇర్మా తుఫాను వచ్చినప్పుడు జనం తప్పించుకుపోవడానికి ఆ తాళం కొన్నాళ్లు తీసింది. మంచి పనే. కానీ తాళం ఉందన్న సంగతి చాలామందికి తెలిసింది కూడా అప్పుడే. 2025లో ఫోక్స్‌వాగన్ బ్రిటన్‌లో ఐడీ.3 కారుకు ఉన్న పవర్‌లోనే పైభాగం కావాలంటే నెలకు 16.50 పౌండ్లు కట్టమంది. మోటర్ అదే, బ్యాటరీ అదే. మారేది ఒక్క సెట్టింగే.

అత్త అడిగింది రెండో తాళం. మామ కోపం మూడోదాని మీద. షావోమీ దగ్గర ఈ రెండూ కలిసిపోయాయి. చెప్పిన కారణం జాగ్రత్తే కావచ్చు, కానీ వేసింది డబ్బు తీసుకున్న తర్వాత.

రేపు మీరు ఎలక్ట్రిక్ బండి కొనేటప్పుడు షోరూమ్‌లో హెచ్‌పీ ఎంతని మాత్రమే అడక్కండి. ఆ పవర్ ఎంతసేపు వస్తుంది? ఎంత చార్జ్ దగ్గర తగ్గుతుంది? అప్‌డేట్ పేరుతో తగ్గించే హక్కు కంపెనీకి ఉందా? జవాబు కాగితం మీద తీసుకోండి. వడ్లు ఆరబోసిన రోడ్డు మీద ముప్పై చాలు, దానికి మన కాలే లిమిట్. మనం డబ్బు కట్టినదానికి ఇంకొకరు లిమిట్ పెడతామంటే మాత్రం, ఆ సంగతి కొనకముందే చెప్పాలి.