చప్పట్ల కబురు

పిల్లలూ, 2023వ సంవత్సరం సంక్రాంతి సెలవుల్లో నేనూ, మా మనుమరాలూ గద్వాలలో రైలెక్కి హైదరాబాదు వెళ్ళాము. జనవరి 18న ఉప్పల్ మైదానంలో మన దేశానికీ, న్యూజీలాండుకూ క్రికెట్ ఆట. మా మేనల్లుడు ముందే టిక్కెట్లు కొని ఉంచాడు. ఒకరోజు ముందుగా చేరితే పిల్లకు ఊరు చూపించవచ్చునని నా ఎత్తు. పదేళ్ళ ఆ పిల్లకు మాత్రం ఊరు ఎంత త్వరగా అయిపోతే ఆట అంత త్వరగా వస్తుందని తొందర!

17వ తేదీ పొద్దున్నే చార్మినారు చూచాము. మహమ్మద్ కులీ కుతుబ్ షా 1591లో కట్టించాడని నేను చెప్పడం మొదలుపెట్టానో లేదో, అది గాజుల దుకాణం ముందు ప్రత్యక్షమయింది. సాలార్‌జంగ్ మ్యూజియంలో మాత్రం కుదురుగా కూచున్నది. అక్కడ ఒక గడియారంలో గడ్డం బొమ్మ తలుపు తెరుచుకొని వచ్చి గంట కొడుతుంది. పన్నెండు గంటలు కొడుతుంటే చూడడానికి జనం విరగబడతారు.

మధ్యాహ్నం గోలకొండకు చేరాము. కోట ద్వారం దగ్గర గుమ్మటం కింద నిలబడి చప్పట్లు చరిస్తే, ఆ చప్పుడు ఎక్కడో కొండ నెత్తిన ఉన్న బాలాహిసారులో వినబడుతుంది. వంపు తిరిగిన కప్పు చప్పుడును చెదరిపోనివ్వకుండా మళ్ళించి పంపుతుంది. కింద ఎవరో వచ్చారన్న కబురు పైవాళ్ళకు క్షణంలో అందేదన్నమాట.

"నేను పైకెక్కి వింటాను. నువ్వు కొట్టు తాతా!" అన్నది మనుమరాలు.

పైకి మూడువందలకు మించిన మెట్లు. నా మోకాళ్ళు ఏనాడో మొండికేశాయి. మేనల్లుణ్ణి తోడిచ్చి పంపాను. అయితే ఒక చిక్కు వచ్చింది. గుమ్మటం కింద నిలబడ్డ ప్రతివాడూ చప్పట్లు కొడుతున్నాడాయె! అందులో తాత చప్పట్లు ఏవో పిల్లకు ఎలా తెలుస్తుంది? చివరకు మేము ఒక గుర్తు పెట్టుకున్నాము. మూడు చప్పట్లు, కొంచెం ఆగి రెండు. ఫోను ఉన్నది కదా అంటారేమో, ఫోను చేస్తే ఆట చెడినట్టేనని ముందే షరతు పెట్టి మరీ ఎక్కింది.

అరగంట ఆగి కొట్టడం మొదలుపెట్టాను. మూడు, రెండు. మళ్ళీ మూడు, రెండు. కొండ మీద మనుషులు నాకు చీమల్లా కూడా ఆనలేదు, నా కంట్లో శుక్లం. విన్నదో లేదో తెలియదు. మూడోసారి మధ్యలో దగ్గు తెర వచ్చి ఆగిపోయాను. పక్కనున్నవాళ్ళు నన్ను వింతగా చూస్తున్నారు. నాలుగోసారి కూడా కొట్టి, మెట్టు మీద చతికిలబడ్డాను. పిల్లను అంత ఎత్తుకు పంపానే అని దిగులు కూడా వేసింది.

దిగి వచ్చీ రాగానే అది అడిగిన మాట ఇది:

"మూడోసారి రెండే కొట్టి ఆగావేం తాతా? ఒంట్లో బాగా లేదా?"

మర్నాడు ఆట మొదలు కాకముందే మైదానం చేరాము. ఆటగాళ్ళు సాధన చేస్తున్నారు, జనం ఇంకా నిండలేదు. "చూడు తాతా, బ్యాటు ముందు ఊగుతున్నది, టక్కుమన్న చప్పుడు తరవాత వస్తున్నది!" అన్నది. నిజమే. వెలుగు సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పరుగెత్తుతుంది. చప్పుడు గాలిలో 340 మీటర్లే పోతుంది. బ్యాటు మాకు 100 మీటర్ల దూరంలో ఉన్నదనుకుంటే, చప్పుడు రావడానికి సెకనులో మూడోవంతు కావస్తుంది. నిన్న గోలకొండలో తన చెవికి పట్టిన చప్పట్లు కూడా అంతకుముందే నా చేతులు దాటినవని దానికి అప్పుడు తట్టింది.

ఆట సంగతి చెప్పాలా! శుభ్‌మన్ గిల్ 149 బంతుల్లో 208 పరుగులు చేశాడు. వరుసగా మూడు సిక్సర్లు కొట్టి 200 దాటాడు. మనవాళ్ళవి మొత్తం 349. న్యూజీలాండు 131కి 6 వికెట్లు పోగొట్టుకున్నప్పుడు కొందరు ఇంటిదారి పట్టారు కూడా. తొందరపడ్డారు! బ్రేస్‌వెల్ అనే ఆయన 78 బంతుల్లో 140 కొట్టి మా గుండెలు అదరగొట్టాడు. మన హైదరాబాదు సిరాజ్ 4 వికెట్లు తీశాడు. చివరి ఓవరులో వాళ్ళకు 20 పరుగులు కావాలి. మొదటి బంతే సిక్సరు! తరవాత ఒక వైడు. ఆ తరవాతి బంతికి మైదానమంతా ఒక్కసారిగా హోరెత్తిపోయింది. బంతి నా కంటికి ఆనలేదు. "ఏమైందే?" అని అరిచాను. అది చెప్పేది నాకు వినబడలేదు. నా అరచేతిని పట్టుకొని మూడుసార్లు, ఆగి రెండుసార్లు చరిచింది. మనం 12 పరుగులతో గెలిచాము.

గద్వాల చేరాక, ఆ ఆదివారం నేస్తాలను వెంటేసుకొని మా కోటలోకి వెళ్ళింది. ఒక మూల తాను, ఒక మూల వాళ్ళు నిలబడి చాలాసేపు చప్పట్లు చరిచారట. పావురాలు లేచిపోయాయే తప్ప ఏమీ తెలియలేదట. "మళ్ళీ వారం ఇంకో గోడ దగ్గర చూస్తాము" అన్నది.