ఖుషీ కూడా నాకో ఇమ్తిహానే



మొన్న బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది. కొబ్బరి డొక్కల నుంచి పీచు తీసే చిన్న యూనిట్ కోసం నేను పెట్టుకున్న లోన్ మంజూరైందట. అమ్మీ "అల్హందులిల్లాహ్" అంటూ సేమ్యా వండటానికి లేచింది. అబ్బా మాత్రం ఏమీ మాట్లాడలేదు. ఇషా నమాజ్ అయ్యాక నా మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. చాలాసేపటికి అన్నారు: "నువ్వు మరీ ఖుషీగా కనబడితే నాకు భయమేస్తుందిరా బేటా."

నాకు గుస్సా రాలేదు. ఆ ఖౌఫ్ ఎక్కణ్ణించి వచ్చిందో నాకు తెలుసు.

మాది కొత్తపేట దగ్గర పల్లె. నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది. తొమ్మిదేళ్ల కిందట ఇంజినీరింగ్ చివరి సంవత్సరంలో ఓ పరీక్షలో మంచి ర్యాంకు వచ్చింది. ఖాందాన్ అంతా ముబారక్ చెప్పింది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడూ పట్టలేదు. అయినా అలసట లేదు. ఐదో రోజుకి కోనసీమ పీచుని నలభై దేశాలకు పంపే కంపెనీ నా తలలో తయారైపోయింది. అమలాపురంలో రెండు వేల విజిటింగ్ కార్డులు అచ్చు వేయించాను. అమ్మీ గాజులు తాకట్టు పెట్టాను. రాత్రి మూడు గంటలకు చాచాకి ఫోన్ చేసి "మీరే నా మేనేజర్" అన్నాను. వద్దన్నవాళ్లంతా దుష్మన్‌లుగా కనిపించారు.

తర్వాత ఏడు నెలలు గదిలోనే ఉండిపోయాను. అప్పుడు రేపటి కోసం అడగడానికి దువా కూడా తోచలేదు. ఈ మర్జ్ అంతే. ఒకప్పుడు జిందగీ మొత్తం ఇవాళే జరిగిపోవాలనిపిస్తుంది, ఇంకోప్పుడు ఇక ముందు ఏమీ లేదనిపిస్తుంది.

"ర్యాంకు వచ్చింది, నజర్ తగిలింది" అన్నారు ఇంట్లో. తావీజ్ కట్టారు. ఆ మాటని నేను వెక్కిరించను. కారణం తప్పే కావచ్చు, కానీ వాళ్లు గమనించింది సహీ. నేను ఓడిపోయి కాదు, గెలిచాక జబ్బుపడ్డాను. అమెరికాలో షెరి జాన్సన్ అనే సైకాలజిస్టు, ఆమె సహచరులు ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేశారు. పెద్ద లక్ష్యం నెరవేరాక బైపోలార్ ఉన్నవాళ్లలో మేనియా లక్షణాలు పెరగవచ్చని వాళ్లు చూపించారు. ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో కూడా మాలాంటివాళ్లు దౌలత్, షొహ్రత్ విషయంలో మిగతావాళ్లకంటే పెద్ద లక్ష్యాలే పెట్టుకుంటారని కూడా తేలింది. చదివినప్పుడు నా గురించే రాశారనిపించింది.

అయితే ఖ్వాబ్‌లు మానెయ్యాలా? మా బంధువుల మష్వరా అదే: "మందులు వేసుకుంటూ ఇంటి పట్టునే ఉండు, చాలు." కొన్నేళ్లు అలాగే ఉన్నాను. ఉమ్మీద్ లేని ఆ సబ్ర్ నన్ను బాగుచేయలేదు. ఒక కొబ్బరి మిల్లులో లెక్కలు రాసే పని దొరికాకే మనిషినయ్యాను. దింపు కార్మికులు, వలుపు కార్మికులు, లారీలు, డొక్కల రాశులు చూస్తూనే ఈ యూనిట్ ఆలోచన నిదానంగా పెరిగింది. దీనికి రెండేళ్లు పట్టింది. ఆ నలభై దేశాల కంపెనీకి ఐదు రోజులే పట్టింది. ఖ్వాబ్ ఎంత పెద్దది అన్నదానికంటే, అది ఎంత జల్దీలో ఉందన్నదే నేను ఇప్పుడు చూసుకుంటాను. నిజమైన కోరిక ఇస్తిఖారాకి, మష్వరాకి ఆగుతుంది. మేనియా ఆగదు.

నేను వేసుకునేది లిథియం. మేనియాకి అది పనిచేస్తుందని 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ రాశారు. అదొక లవణం. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తంలో దాని మోతాదు పెరిగి ఖతర్నాక్ కావచ్చు. అందుకే రక్త పరీక్షలు చేయించుకుంటూ ఉండాలి. రంజాన్‌లో రోజా ఉండాలా వద్దా అన్నది డాక్టర్‌ని ముందే అడిగి తేల్చుకోవాలి. సహరీ కోసం లేవడం, తరావీహ్ వల్ల నిద్ర తెగడం కూడా మాకు చిన్న విషయం కాదు. బీమారు మనిషికి ఖుర్ఆన్‌లోనే రియాయత్ ఉంది. సొంతంగా మందు ఆపేసి రోజా ఉండటం తఖ్వా కాదు.

ఆ రాత్రి అబ్బా, నేను ఒక కాగితం మీద షర్తులు రాసుకున్నాం. మొదటి ఏడాది ఒక్కటే మిషను. రెండోదాని మాట లెక్కలు చూశాకే. పది గంటలకు లైటు ఆర్పాలి, ఫోన్ అమ్మీ దగ్గర ఉండాలి. వరుసగా రెండు రాత్రులు ఐదు గంటలకంటే తక్కువ పడుకుంటే అబ్బా డాక్టర్‌కి ఫోన్ చేస్తారు. నేను బహస్ చేయకూడదు. నేనూ ఒక షర్తు రాశాను: నేను నవ్విన ప్రతిసారీ "మాత్ర వేసుకున్నావా?" అని అడగొద్దు. అబ్బా చదివి, కాసేపు ఆగి దస్తఖత్ పెట్టారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బిడ్డ ఉంటే తన ఉమ్మీద్‌ని చంపకండి. తన నిద్రని కాపాడండి. ఎవరిని అడగాలో తెలియకపోతే 14416కి ఫోన్ చేయండి. అది సర్కారువారి టెలీ మానస్, డబ్బు కట్టనక్కర్లేదు.

మర్నాడు ఫజర్‌కి లేచి చూస్తే అబ్బా ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నారు. నేను ఆరున్నర గంటలు పడుకున్నాను. ఆయనే పడుకున్నట్టు లేదు.

మా ఇద్దరినీ దువాల్లో యాద్ ఉంచుకోండి.