రాత్రి విమానం - సింగపూరు భోజనం

ఆఫీసు పనిమీద సింగపూరు వెళ్ళేవారు చాలామంది రాత్రి విమానమే ఎక్కుతారు. పగటి పని చెడదు, ఒక రాత్రి హోటలు ఖర్చు కలిసివస్తుంది. హైదరాబాదు నుంచి నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. మీరు దిగేసరికి అక్కడ ఆరు గంటలైతే, మీ ఒంటికి ఇంకా మూడున్నరే!

మధుమేహం ఉన్నవారికి చిక్కు ఇక్కడే వస్తుంది. ఎనిమిదింటికి ఇంట్లో భోంచేస్తారు. అర్ధరాత్రి విమానంలో ట్రే ముందు పెడితే, డబ్బు కట్టాం గదా అని అదీ తింటారు. తెల్లవారాక ఆలస్యమైందని మాత్ర మాత్రం వేసుకుని, ఫలహారం మానేసి మీటింగుకు పరుగెత్తుతారు. రాత్రి పెరిగిన చక్కెర పొద్దున ఒక్కసారిగా పడిపోవచ్చు. చెమటలు, చేతుల వణుకు, మాట తడబడటం కనిపిస్తే మొహమాటపడకండి. మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలుపుకుని తాగండి. 15 నిమిషాలకూ తగ్గకపోతే మళ్ళీ తాగండి. తరవాత ఏదైనా తినండి. ఇన్సులిన్ తీసుకునేవారు మోతాదు, వేళల సంగతి ముందే డాక్టరును అడగాలి. మందును చేతిసంచిలోనే ఉంచుకోండి. సామాన్లతో కింద వేస్తే గడ్డకట్టి పాడైపోవచ్చు. చీటీ కూడా వెంట ఉండాలి. కొన్ని నిద్రమాత్రలకూ, కోడీన్ కలిసిన మందులకూ సింగపూరులో ముందుగా అనుమతి కావాలి.

విమానంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. నీళ్ళు తాగండి, మద్యం జోలికి పోకండి. గంటకోసారి లేచి నడవండి. కూర్చున్నచోటే మడమలు పైకీ కిందికీ ఆడించండి. నాలుగు గంటలు, అంతకు మించి కదలకుండా కూర్చునే ప్రయాణాల వల్ల కాలి సిరల్లో రక్తం గడ్డకట్టే ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో తెలిపింది. అయినా అది కొద్దిమందికే వచ్చేది, భయపడనక్కరలేదు.

ఇక ఊళ్ళో భోజనం. కుళాయి నీళ్ళు నిర్భయంగా తాగవచ్చు. సెరంగూన్ రోడ్డులో టెక్కా సెంటర్‌కు వెళితే ఇడ్లీ, దోసె దొరుకుతాయి. పనివారు విందుకు పిలిస్తే చికెన్ రైస్, లక్సా పెడతారు. మొదటిదాంట్లో అన్నం కోడి కొవ్వుతో వండుతారు. రెండోది చిక్కటి కొబ్బరిపాల పులుసు. సోయా సాస్ నిండా ఉప్పే గనుక రక్తపుపోటు ఉన్నవారు పైన పోసుకోకండి. శాకాహారులు కూరగాయల వంటకమని నమ్మి తినేయకుండా, ఎండురొయ్యలు, మాంసపు రసం కలిసిందేమో అడగాలి.

కాఫీ దగ్గర ఒక్కమాట నేర్చుకోండి. అక్కడ ఊరికే "కోపీ" అంటే గడ్డపాలు పోసిన తియ్యటి కాఫీ ఇస్తారు. "కోపీ ఓ కొసోంగ్" అంటే పాలూ పంచదారా లేనిది. "కోపీ సి కొసోంగ్" అంటే పాలుంటాయి, పంచదార ఉండదు. మలయా భాషలో కొసోంగ్ అంటే ఖాళీ అని అర్థం. రోజుకు నాలుగు మీటింగుల్లో నాలుగు కప్పులు తాగేవారికి ఈ మాట మందుతో సమానం.

ఇంటికి వచ్చాక నాలుగు వారాల లోపు ఒక కాలు వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా బడలిక అనుకుని పడుకోకండి. వెంటనే ఆసుపత్రికి వెళ్ళి, విమానంలో వచ్చిన సంగతి డాక్టరుకు చెప్పండి.