నెత్తిన గిన్నె, నడుముకు తేనెటీగ

ఆమె పేరు మా హంకెల్. న్యూయార్క్‌లో కిరాణాకొట్టు నడుపుకునే ఇల్లాలు, పిల్లల తల్లి, మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. పేటలో రౌడీమూక ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుపోయిందని తెలిసినప్పుడు ఆమె ఎవరి కోసమూ ఎదురుచూడలేదు. తన పిల్లాడికి గ్రీన్ లాంటర్న్ అనే సూపర్‌హీరో అంటే ఎంత పిచ్చో రోజూ చూస్తూనే ఉంది కదా! ఒంటికి ఎర్రటి లోదుస్తులు బిగించింది. వంటింట్లోంచి ఓ గిన్నె తీసి, కళ్ల దగ్గర కంతలు పెట్టి, నెత్తిన బోర్లించుకుంది. వీధిలోకి దూకింది. ఆ గిన్నె కింద ఉన్నది మగాడే అనుకుంది ఊరంతా. ఆమెకు రెడ్ టొర్నాడో అని పేరొచ్చింది. ఇది ఆల్ అమెరికన్ కామిక్స్ 20వ నంబరు, 1940 నవంబరు సంచిక.

ఈ బొమ్మ చూసిన దగ్గర్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. ఎనభై ఏళ్ల కిందటే ఇలాంటిది ఉండగా నాకెవరూ ఎందుకు చెప్పలేదు?

చెప్పినవాడు మా పెద్దనాన్నగారి అబ్బాయి. అన్నయ్య న్యూజెర్సీలో ఉంటాడు, పాత కామిక్స్ సేకరిస్తాడు. వీడియో కాల్‌లో తనూ, తనలాగే సేకరించే ఇంకో పెద్దాయనా ఒక బొమ్మను మధ్యలో పెట్టుకుని వాదించుకుంటుంటే పక్కన కూర్చుని విన్నాను. ఆ పెద్దాయన ఒక చేతి వేళ్ల గీత చూపించి, "ఇది ఫలానా వాడి చెయ్యి, ఈ మోకాలు మాత్రం వాడిది కాదు, పక్క బల్ల కుర్రాడు ఇంక్ చేసి ఉంటాడు" అంటున్నాడు. పేజీ మీద ఎక్కడా సంతకం లేదు. గొంతు వినగానే ఘంటసాలో పి.బి. శ్రీనివాసో చెప్పేసేవాళ్లను చూశాను గానీ, మోకాలి గీత చూసి మనిషి పేరు చెప్పేవాళ్లు ఉంటారని అప్పుడే తెలిసింది. "తమ్ముడూ, నువ్వు 1941 దాటి ముందుకు రాకు. కొన్నాళ్లు అక్కడే ఉండు" అన్నాడు అన్నయ్య. అక్కడే ఉన్నాను. ఇంకా అక్కడే ఉన్నాను!

1941 దాకా మూడు నాలుగేళ్లలో ఏం జరిగిందో ముందు చెప్పాలి. 1938 జూన్ తేదీతో యాక్షన్ కామిక్స్ తొలి సంచిక వచ్చింది. జెర్రీ సీగెల్, జో షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు సూపర్‌మ్యాన్‌ను 130 డాలర్లకు అమ్మేశారు. పది సెంట్ల పుస్తకం. దాని ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు పోయింది. సరే, డబ్బు సంగతి వదిలేద్దాం, అసలు విందు ఆ తర్వాత మొదలైంది. సూపర్‌మ్యాన్ అమ్మకాలు చూసి న్యూయార్క్‌లోని ప్రతి చిన్నా పెద్దా ప్రచురణకర్తకూ వెంటనే ఒక హీరో కావాల్సి వచ్చింది. ఒకరు కాదు, సంచికకు ఆరేడుగురు. విల్ ఐస్నర్, జెర్రీ ఐగర్ నడిపిన స్టూడియో లాంటి చోట్ల యువకులు వరసగా బల్లలు వేసుకుని కూర్చునేవాళ్లు. ఒకరు పెన్సిల్, ఒకరు ఇంక్, ఒకరు అక్షరాలు. రేపటికి కొత్త హీరో కావాలి, ఎల్లుండికి ఇంకొకడు కావాలి.

1980లో మన ఎన్టీఆర్ ఆంజనేయస్వామి దయతో సూపర్‌మ్యాన్ అయ్యేనాటికి సూపర్‌హీరో అంటే ఎలా ఉండాలో లోకమంతటికీ తెలుసు. 1940లో ఎవరికీ తెలియదు. అదే ఈ బొమ్మల్లోని మహత్తు. ఏది బాగుంటుందో, ఏది వెర్రిగా ఉంటుందో చెప్పడానికి కొలబద్ద ఇంకా పుట్టలేదు. అందుకని తోచిందల్లా వేశారు. భయం లేకుండా, వెనక్కి తిరిగి చూడకుండా వేశారు.

రెడ్ బీని చూడండి. హిట్ కామిక్స్ తొలి సంచిక, 1940 జూలై. పగలు ప్రభుత్వ న్యాయవాది కార్యాలయంలో ఉద్యోగం. దొంగల్ని పట్టేటప్పుడు ఎర్రచొక్కా, చారల బిగుతు లాగూ, చేతులకు బుడగల్లా ఉబ్బిన పలచటి జాలీ చేతులు! లోపలి చెయ్యి కనబడుతూ ఉంటుంది. అతని ఆయుధం శిక్షణ ఇచ్చిన తేనెటీగలు. వాటిలో ముద్దుల ఈగ పేరు మైకేల్. అది బెల్టు బకిల్‌లో కాపురం ఉంటుంది. అవసరమైనప్పుడు మూత తీస్తే వెళ్లి దుర్మార్గుణ్ణి కుట్టి వస్తుంది. అన్నయ్యా ఆ పెద్దాయనా అరగంట వాదించుకున్నది ఆ చేతుల గురించే. అది జాలీ గుడ్డా, లేక రంగులు వేసినవాళ్లు చొక్కా రంగు పూయడం మరిచిపోతే అలా మిగిలిపోయిందా అని. నా ఓటు జాలీకే. అంత అందంగా ఉబ్బినది పొరపాటున ఉబ్బదు.

ఇంకా ఉన్నారు. సెంటార్ అనే చిన్న కంపెనీ వాళ్లకు ది ఐ అని ఒక హీరో ఉన్నాడు. హీరో అంటే మనిషి కాదు. గాలిలో తేలే పెద్ద కన్ను. వెలుగు చిమ్ముతూ వచ్చి అన్యాయం చేసినవాడి ఎదుట నిలబడుతుంది. దుస్తుల సమస్యే లేదు! అదే కంపెనీలో స్పీడ్ సెంటార్ అనేవాడు నడుము దాకా మనిషి, కింద గుర్రం. ఊళ్లోకి వచ్చేటప్పుడు ఎవరూ గుర్తుపట్టకుండా గుర్రపు ముఖం ముసుగు తగిలించుకుంటాడు. గుర్రం ముఖపు తుంబురుడి బొమ్మలు చూస్తూ పెరిగిన నాకు అతనితో వెంటనే చుట్టరికం కలిసింది.

ఈ రంగులేమిటి, ఇంత ఎర్రగా, ఇంత పచ్చగా అని అడిగితే అన్నయ్య అచ్చు యంత్రం దగ్గరికి తీసుకెళ్లాడు. నాలుగు రంగుల అచ్చు, అతి చవక న్యూస్‌ప్రింట్. ఆ కాగితం సిరాను పీల్చేస్తుంది. గోధుమా బూడిదా లాంటి కలిపిన రంగులు అచ్చయ్యేసరికి బురదగా మారతాయి. ముదురు ఎరుపు, పసుపు, నీలం మాత్రమే నిలబడతాయి, కొట్టు బయట తగిలించినా దూరం నుంచి పిలుస్తాయి. ఒంటికి అతికిన దుస్తులకు మడతలు గీయక్కర్లేదు కాబట్టి పేజీ తొందరగా తెములుతుంది. మనకు బాగా తెలిసిన ఫాంటమ్ కథే వినండి. 1936లో లీ ఫాక్ అతన్ని సృష్టించినప్పుడు దినపత్రికలో నలుపు తెలుపే. ఫాక్ మనసులో ఉన్న దుస్తులు బూడిద రంగువి. 1939లో ఆదివారం రంగుల పేజీ మొదలయ్యాక అచ్చులో ఊదా పడింది. అంతే, అదే నిలిచిపోయింది. ఇటలీలో అతనే ఎర్రటి దుస్తుల్లో, స్కాండినేవియాలో నీలం దుస్తుల్లో తిరిగాడు.

కానీ రంగుల కంటే, దుస్తుల కంటే నన్ను పట్టి కూర్చోబెట్టింది వాటి వెనకున్న మనుషులు.

క్రాక్ కామిక్స్ తొలి సంచికలో, 1940 మే నెలలో, మేడమ్ ఫేటల్ వచ్చింది. ఎర్రగౌను కట్టుకుని చేతికర్ర పట్టుకున్న ముసలావిడ. నిజానికి ఆవిడ రిచర్డ్ స్టాంటన్ అనే రంగస్థల నటుడు. కూతుర్ని ఎత్తుకుపోయినవాళ్లను వెతుకుతూ ఆ వేషం కట్టాడు, పని అయ్యాక కూడా వదల్లేదు. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి తాతల దగ్గర విన్న మనకు ఇందులో వింతేమీ ఉండదు. ఆడవేషం ఎంత కష్టమైన విద్యో మనకు తెలుసు. అమెరికా పిల్లల పుస్తకంలో అది ఒక వీరుడి కవచంగా కనిపించడమే నాకు ఒళ్లు పులకరించేలా చేసింది. దీన్ని వేసినాయన ఆర్థర్ పినాజియన్, ఆర్మీనియన్ కుటుంబం. తర్వాత కామిక్స్ వదిలేసి తన కోసం తాను రంగులు వేసుకుంటూ బతికాడు. పేరు రాలేదు. 1999లో పోయాడు. లాంగ్ ఐలండ్‌లో బెల్‌పోర్ట్ అనే ఊళ్లో ఆయన ఉన్న చిన్న ఇల్లు తర్వాత అమ్మకానికొస్తే, కొన్నవాళ్లకు గుట్టలు గుట్టలుగా బొమ్మలు దొరికాయి. చెత్తలో పోవలసినవి! 2013లో న్యూయార్క్‌లో ప్రదర్శన పెట్టారు. ఒక కళాకారుడి రెండు జీవితాలనూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఆ నైరూప్య చిత్రాల్లో ఎక్కడన్నా మేడమ్ ఫేటల్ ఎర్రగౌను కనబడుతుందేమోనని ఇప్పటికీ వెతుకుతున్నాను.

లూ ఫైన్ ఉన్నాడు. చిన్నప్పుడు పోలియో వచ్చి ఒక కాలు దెబ్బతిన్నవాడు. అతను వేసిన బ్లాక్ కాండర్, ది రే అనే హీరోలు పేజీ మీద ఎగురుతుంటే ఒక్క కండరం అబద్ధం చెప్పదు. ఐస్నర్, జాక్ కర్బీ అంతటివాళ్లు అతని గీతకు మొక్కారు. అన్నయ్యకు లూ ఫైన్ దేవుడు.

నాకు మాత్రం ఫ్లెచర్ హ్యాంక్స్. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే నేను ఇది రాస్తున్నదే ఈయన కోసం.

హ్యాంక్స్ పోస్టు ద్వారా కార్టూనింగ్ నేర్చుకున్నాడు. చుట్టూ ఇరవై ఏళ్ల కుర్రాళ్లు పనిచేస్తుంటే ఈయనకు యాభై. అందరూ పని పంచుకునే చోట కథ, పెన్సిల్, ఇంక్, అక్షరాలు అన్నీ ఒక్కడే చేశాడు. 1939 నుంచి 1941 దాకా 51 కథలు. ఆ తర్వాత కామిక్స్‌లో మళ్లీ కనబడలేదు.

ఆయన హీరో స్టార్‌డస్ట్ ఫెంటాస్టిక్ కామిక్స్‌లో, 1939 డిసెంబరులో వచ్చాడు. కొండంత ఒళ్లు, దాని మీద చిన్న తల. అంతరిక్షంలో ఎక్కడో కూర్చుని భూమి మీద జరిగే కుట్రలన్నీ చూస్తుంటాడు. ఒక పేజీలో మనుషులంతా నేలను వదిలి ఆకాశంలోకి తేలిపోతుంటారు. నగరం పైన వందల మంది, కాళ్లు చేతులు చాచి, చిన్న చిన్న చుక్కలై. ఆ పేజీ దగ్గర నేను చాలాసేపు ఉండిపోయాను. ఒక భయంకరమైన కలను అంత శుభ్రంగా, అంత నిశ్చలంగా ఎవరూ గీయలేదు. ఇక శిక్షలు! దుర్మార్గుణ్ణి జైలుకు పంపడం అనే మాటే లేదు. డి స్ట్రక్టో అనేవాడి ఒళ్లంతా తలలోకి ఇంకిపోయేలా చేసి, మిగిలిన ఆ పెద్ద తలను అంతరిక్షంలోకి విసురుతాడు. అక్కడ తలలేని రాక్షసుడొకడు తలల కోసం కాచుకుని ఉంటాడు. గరుడపురాణం విని వణికిన పిల్లలకు ఈ న్యాయం వెంటనే అర్థమవుతుంది.

ఫాంటోమా ఇంకా గొప్పది. జంగిల్ కామిక్స్ రెండో సంచిక, 1940 ఫిబ్రవరి. వండర్ వుమన్ రావడానికి దాదాపు రెండేళ్ల ముందు. అడవిని కాచే బంగారు జుట్టు సుందరి. కోపం వచ్చిన క్షణంలో ముఖం నీలిరంగు కపాలంగా మారిపోతుంది. జుట్టు మాత్రం అలాగే బంగారంలా ఊగుతూ ఉంటుంది! ఈమెను గీసినప్పుడు హ్యాంక్స్ పెట్టుకున్న కలంపేరు బార్క్లే ఫ్లాగ్. ఏ పేరు పెట్టుకుంటే ఏం, బిర్రబిగిసిన ఆ మెడలు, ముద్దలు ముద్దలుగా ఉన్న ఆ ముఖాలు ఇంకెవరివీ కావు. ఒక్క చూపులో నేను కూడా చెప్పగలిగాను, ఆ సంతోషం ఏమని చెప్పను?

ఆయన్ని మళ్లీ వెలుగులోకి తెచ్చింది పాల్ కరాసిక్ అనే కార్టూనిస్టు. 2007లో కథలు కొన్ని పుస్తకంగా వేశాడు, మరుసటి ఏడు దానికి ఐస్నర్ పురస్కారం వచ్చింది. 2016లో మొత్తం 51 కథలూ ఒక్క సంపుటంలోకి వచ్చాయి. చిత్రకారుణ్ణి వెతుకుతూ కరాసిక్ ఫ్లెచర్ హ్యాంక్స్ అనే వృద్ధుణ్ణి పట్టుకున్నాడు. తీరా ఆయన కొడుకు, అదే పేరు. రెండో ప్రపంచయుద్ధంలో మన అస్సాం వైపు నుంచి హిమాలయాల మీదుగా చైనాకు విమానాలు నడిపిన పైలట్. తండ్రి తాగి ఇంట్లో అందర్నీ కొట్టేవాడనీ, 1930లో ఇల్లు వదిలి పోయాడనీ ఆయన చెప్పాడు. ఆ తండ్రి 1976లో న్యూయార్క్‌లో ఒక పార్కు బెంచీ మీద చలికి గడ్డకట్టి చనిపోయాడు. ఇది తెలిశాక స్టార్‌డస్ట్ శిక్షలు మళ్లీ చదివాను. ఆ చేతిని క్షమించాలనీ నాకు అనిపించలేదు, ఆ పేజీలు ముయ్యాలనీ అనిపించలేదు. ఆ చేతిలోంచే ఇవి వచ్చాయి. రెండూ నిజమే.

ఇవన్నీ చూడాలంటే లక్షలు పోసి పాత ప్రతులు కొనక్కర్లేదు. ఆ రోజుల అమెరికా చట్టం ప్రకారం 28 ఏళ్లకు కాపీహక్కు పొడిగించుకోవాలి. మూతపడ్డ కంపెనీల తరఫున పొడిగించేవాళ్లు లేక వేల సంచికలు అందరి సొత్తయ్యాయి. సేకరించేవాళ్లు తమ దగ్గరున్నవి స్కాన్ చేసి డిజిటల్ కామిక్ మ్యూజియం లాంటి చోట్ల ఉచితంగా పెట్టారు. కాగితం పసుపు మరకలతో, అంచులు విరిగిన పేజీలతో, వెనక అట్ట మీది ప్రకటనలతో సహా. మన చందమామ పాత సంచికలను కూడా అభిమానులు ఇలాగే కాపాడుకున్నారు కదా. చిత్రా, శంకర్ బొమ్మలను పేజీ తిప్పకుండానే గుర్తుపట్టే మనవాళ్లకు ఈ లోకంలో దారి తప్పే పని లేదు.

మా హంకెల్‌ను కల్పించిన షెల్డన్ మేయర్ గురించి ఒక మాట మిగిలిపోయింది. అందరూ వద్దన్న సూపర్‌మ్యాన్ కాగితాలను చూసి, ఇది వేయాల్సిందేనని పట్టుబట్టినవాళ్లలో ఆయన ఒకడు. ఆ సూపర్‌హీరో తరం మీదే తొలి పరిహాసాల్లో ఒకదాన్ని కూడా ఆయనే గీశాడు. 1940లో జస్టిస్ సొసైటీ అనే సూపర్‌హీరోల బృందంలోని వీరులంతా మొదటిసారి విందుకు కూర్చుంటే రెడ్ టొర్నాడో కూడా వెళ్లింది. లాగూ చిరగడంతో వెంటనే వెనుదిరిగింది.

అన్నయ్య నిన్న జాక్ కోల్‌ను చదవమన్నాడు. పోలీస్ కామిక్స్ తొలి సంచిక, 1941 ఆగస్టు, ప్లాస్టిక్ మ్యాన్. ఎర్ర దుస్తులు, నల్లద్దాలు, నడుముకు పసుపూ నలుపూ చారల పటకా. ఒళ్లు ఎలా కావాలంటే అలా సాగుతుంది, కుర్చీ అవుతుంది, తివాచీ అవుతుంది, కానీ రంగులు మాత్రం మారవు. దొంగలు గదిలో కూర్చుని కుట్ర పన్నుతుంటారు, అతను ఆ గదిలోనే ఎక్కడో ఉంటాడు. పేజీ తెరిచి ఎర్రటి సామాను ఏదుందో వెతకండి. చారల పటకా కనబడితే దొరికాడన్నమాటే!