చెరకుతో నడిచే కార్లు

దేవుని కృపవల్ల మేము బ్రెజిల్ దేశంలోని సావోపాలో రాష్ట్రాన్ని దర్శించాము. దారి పొడవునా చెరకు తోటలే. అక్కడి బంకుల్లో పెట్రోలు పక్కనే, చెరకు రసం పులియబెట్టి తీసిన ఆల్కహాలూ అమ్ముతారు.

1973లో చమురు ధరలు మండిపోగా, 1975లో ప్రభుత్వం ఈ పథకం పెట్టింది. 1979లో ఫియట్ 147 అనే చిన్న కారు కేవలం ఆల్కహాలుతో నడిచేలా తయారై వచ్చింది. జనం అలాంటి కార్లనే విరివిగా కొన్నారు. 1989లో ఆల్కహాలుకు కొరత వచ్చింది. పెట్రోలు పోసే వీలు లేక బంకుల దగ్గర బారులు తీరారు. 2003 నుండి రెండింటిలో ఏది పోసినా, కలిపి పోసినా నడిచే కార్లు వచ్చాయి.

ప్రియ చదువరులారా, పదిమంది కన్యకలకూ దివిటీలున్నాయి. తేడా సిద్దెల్లోని నూనెదే. బండి కొత్తదైనంత మాత్రాన ఊరు చేరదు. మన నూనె సంగతి ఈరోజే చూసుకొందాము.