చావడినుండి మోఁకాళ్ళ పర్వతము వఱకు

తిరుమల కొండకు కాలినడకను పోవుటనుగూర్చి ఎందఱో వ్రాసియున్నారు. మేము వ్రాయఁబూనినది ఆ కొండకు ముందు మా నెల్లూరి యింటి చావడిలో రెండు నెలలు జరిగిన యాత్రనుగూర్చి. కొండ మాట దాని వెనుక వచ్చును.

మేమనఁగా తోడికోడండ్ర మిద్దరము. మూఁడేండ్ల క్రిందట మా అత్తగారికి శస్త్రచికిత్స జరిగినప్పుడు, ఆమె లేచి తిరిగినచో అలిపిరినుండి నడచి వత్తుమని మ్రొక్కుకొంటిమి. స్వామి తన పాలు నెఱవేర్చెను. మా పాలు మిగిలిపోయెను. మఱుసటి యేఁట బయలుదేఱి రెండువందల మెట్లైనను ఎక్కకమునుపే ఒకరికి మోఁకాళ్ళు పట్టివేసెను, ఒకరికి ఊపిరి చాలదయ్యెను. దిగివచ్చి బస్సెక్కితిమి. మమ్ము దాఁటిపోవుచు ఒక ముసలమ్మ పలికిన గోవిందనామము చాలకాలము మా చెవులలో నుండెను.

వైద్యురాలు చూచి, మోఁకాలిలో పెద్ద దోషమేమియు లేదనియు, దానిని మోయవలసిన తొడకండరములు బలహీనముగా నున్నవనియుఁ జెప్పెను. దినమంతయు నింటిలోఁ దిరుగుచునే యుందుము గదా యని మేమడిగితిమి. తిరుగుట వేఱు, కండరమునకు నానాఁటికిఁ గొంచెము కొంచెముగా బరువు పెంచుట వేఱు అని యామె సమాధానము. వ్యాయామశాలకుఁ బోవుటకు మాకు వేళయు లేదు, మనసును లేదు. అప్పుడు మా మఱిది సెల్‌ఫోనులో ఇంటనే వ్యాయామము నేర్పెడు యాప్ ఒకటి పెట్టి యిచ్చెను.

మా చావడి పండ్రెండడుగుల పొడవు, ఎనిమిదడుగుల వెడల్పు. ఒక మూల బియ్యపు డబ్బాలు, ఒక మూల అత్తగారి పడకకుర్చీ, నడుమ చంటివాని ఉయ్యాల. తెల్లవాఱుజామున అయిదింటికి ఉయ్యాలను గొలుసులకుఁ జుట్టి పైకిఁ గట్టి, చాప పఱచి, ఫోనును బియ్యపు డబ్బాకు ఆనించువారము. తెరమీఁద నొక యువతి చేసి చూపును. గడియారము వెనుకకు లెక్కించును. గంట మ్రోఁగినచో ఆపవలెను. మొదటి వారమునఁ జీర చెఱఁగు దోఁపుకొని చేసితిమి. కుచ్చెళ్ళు రెండుమార్లు కాలికిఁ జుట్టుకొనిన పిమ్మట పంజాబీ దుస్తులకు మాఱితిమి.

చేయించినవి మనకుఁ దెలియనివి గావు. బస్కీలు, గోడకుఁ జేతులానించి తీయు దండీలు, మడమలెత్తి నిలుచుట, పీట యెక్కి దిగుట. అత్తగారు పడకకుర్చీనుండి చూచి, "ఏమర్రా, ఏ తప్పు చేశారని ఈ గుంజీళ్ళు? మా వాడు బడిలో తీయించేవి చాలవనా?" అనిరి. మా వారు ఆ దినమున మాకు ముఖము చూపలేదు.

పీట మాకు మంచి గురువయ్యెను. ఎక్కుటకంటె మెల్లగా దిగుటయే తొడలకు ఎక్కువ పని. ఆ నొప్పి చేసిన నాఁడు తోఁపదు. మఱునాఁడును ఆపై నాఁడును పట్టును. కండరము సాగుచునే బరువు మోయుటవలన నిట్లగునఁట. కుమారసంభవమున మాఱువేషమున వచ్చిన శివుఁడు, శక్తి కొలఁదినే తపము చేయుచున్నావా యని పార్వతి నడిగెను గదా. ఈ యంత్రమును తొలుతనే, మీది ఏ మెట్టు, మొదటిదా నడిమిదా యని యడుగును. మాలో నొకరు పంతమునకు నడిమి మెట్టు నెన్నుకొని, పిక్క పట్టి నాలుగు దినములు కుంటిరి. ఎవరో చెప్పము.

దాని గుణములు చెప్పితిమి గనుక దోషములును జెప్పవలెను. అది మనలను జూడదు, గడియారమునే చూచును. ఒకనాఁడు పాలు పొంగినవని మేమిద్దరము వంటయింటికిఁ బరుగెత్తఁగా, చంటివాఁడు దాని యెదుటఁ గూర్చుండి జంతిక నమలుచుండెను. అంతయు ముగిసినపుడు వానిని అది మిక్కిలి మెచ్చుకొనెను. కరిగిన కొవ్వునకు అది చూపు లెక్కలు ఉజ్జాయింపులే. మామగారి ఆబ్దికమునాఁడు తెల్లవాఱినది మొదలు మూఁడు జాములు నిలువుకాళ్ళమీఁద నుండి, గారెల పప్పు రుబ్బి, వడ్డించి, విస్తళ్ళెత్తి కూర్చుండఁగా, "ఈ దినము మీరు కదలలేదు, మీ వరుస తెగినది" అని వ్రాసెను. ఆ మాటకు మాకు వచ్చినంత కోపము అత్తగారి గుంజీళ్ళ మాటకు రాలేదు.

దినమునకు 10,000 అడుగులను నియమమును ఇట్టిదే. 1965లో జపానులో అడుగులు లెక్కించు చిన్న యంత్రమును అమ్ముటకుఁ బెట్టిన పేరునుండి అది పుట్టినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోఁ జెప్పినది వేఱు: పెద్దలకు వారమునకు 150 మొదలు 300 నిమిషముల వఱకు ఓ మోస్తరు శ్రమ, వారమున రెండు దినములైనను కండరములకు బలమిచ్చు వ్యాయామము. ఇది యింటనే సాధ్యమని మాకుఁ దోఁచినది.

మాఘమాసమునఁ దిరుపతి చేరితిమి. అత్తగారిని మా వారితో బస్సులోఁ గొండకుఁ బంపి, మేము అలిపిరిలో పాదాలమండపమున స్వామి పాదుకలను తలనుంచుకొని ప్రదక్షిణము చేసి, చీఁకటితోనే మెట్టు త్రొక్కితిమి. మొత్తము మెట్లు 3,550. ముందఱ నొక కొత్త కోడలు ప్రతి మెట్టునకును వంగి పసుపు పూసి కుంకుమ పెట్టుచుండెను. ఆమె యెన్ని బస్కీలు తీయుచున్నదో లెక్కించు యంత్ర మేదియును ఆమె చేత లేదు. క్రిందటిమారు మేము చతికిలఁబడిన తావు వచ్చినపుడు ఇద్దరము మాటాడలేదు. దాఁటిన పిదప నొకరి చేయి నొకరు పట్టుకొంటిమి.

గాలిగోపురము వఱకు ఏటవాలు మిక్కిలి యెక్కువ. మెట్లలో సగమునకుఁ బైగా అక్కడికే యైపోవును. అటు పిమ్మట దారి చదునై, జింకలవనము ప్రక్కగా సాగును. 2023లో ఈ దారిని చిఱుతపులి యొక బాలికను బలిగొనిన పిమ్మట, దేవస్థానమువారు నడచువారి చేతికిఁ గఱ్ఱల నిచ్చిరి. అది తలఁపునకు వచ్చి, చల్లని చెట్లనీడలోను మేము గుంపును విడువలేదు.

చివర మోఁకాళ్ళ పర్వతము. పవిత్రమైన కొండను పాదములతోఁ ద్రొక్కరాదని రామానుజులవారు మోఁకాళ్ళపై నెక్కిరని పెద్దలు చెప్పుదురు. మెట్లు నిట్టనిలువు. ఒక్కొక్కటియు మా చావడిలోని పీటవలె నుండెను. పది యెక్కుట, నిలిచి ఊపిరి తీయుట, మరల పది. మోఁకాళ్ళు నొచ్చినవి గాని పట్టివేయలేదు. బయలుదేఱిన నాలుగున్నర గంటలకుఁ బైకిఁ జేరితిమి. అత్తగారు దారి యంచున నిలిచియుండి, ఏమియు ననక మా పాదములవంక చూచి, తమ కొంగుతో మా ముఖములు తుడిచిరి.

ఫోనులను గుడిలోనికిఁ గొనిపోరాదు గనుక కౌంటరులో నప్పగించి, అందఱము వరుసలో నిలిచితిమి. ఆఱు గంటల పిమ్మట దర్శనమై, తిరిగివచ్చి ఫోనును దీసికొనఁగా తెరమీఁద నొక హెచ్చరిక యుండెను: "చాలసేపటినుండి మీరు కూర్చుండియే యున్నారు. లేచి కొంచెము నడువుఁడు." అత్తగారికిఁ జదివి వినిపించితిమి. ఆమె లడ్డు విఱిచి మా చేతులలోఁ బెట్టుచు, "దానికి మాత్రం పెట్టకండి" అనిరి.