జ్వరమొస్తే ముందు ట్యాంకు సంగతి అడుగుదాం



హాస్టల్లో నలుగురికి జ్వరమొస్తే చాలు, "మీకు శుభ్రత తెలీదు" అంటారు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. ఆశ్రమ స్కూల్ రోజుల నుంచీ ఈ మాట వింటూనే ఉన్నాం. మొన్న లీజియనీర్స్ వ్యాధి గురించి చదివాక ఆ మాటకు జవాబు దొరికినట్టనిపించింది.

1976 జూలైలో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, ఒక ఖరీదైన హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. తర్వాత చాలామందికి తీవ్రమైన న్యుమోనియా వచ్చింది. 34 మంది చనిపోయారు. కారణమేంటో నెలల తరబడి అంతుపట్టలేదు. 1977 జనవరిలో జోసెఫ్ మెక్‌డేడ్ అనే శాస్త్రవేత్త కారణమైన బ్యాక్టీరియాను కనిపెట్టారు. పేరు లీజియోనెల్లా. అంత పెద్ద హోటల్లో దిగినవాళ్లను శుభ్రత తెలీదని ఎవరూ అనలేదు కదా!

ఈ క్రిమి నీళ్లలో బతుకుతుంది. 20 నుంచి 45 డిగ్రీల వేడిలో, కదలకుండా నిలిచిన నీళ్లలో, పైపుల లోపలి పాచిలో పెరుగుతుంది. షవర్ల నుంచి, పెద్ద ఏసీల కూలింగ్ టవర్ల నుంచి లేచే సన్నటి తుంపరను పీలిస్తే ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటదు.

ఫ్లింట్ అని అమెరికాలోనే ఇంకో ఊరుంది. నల్లజాతి వాళ్లు, పేదలు ఎక్కువ. ఖర్చు తగ్గుతుందని 2014 ఏప్రిల్‌లో ఊరికి ఇచ్చే నీళ్లు మార్చారు. రంగు, వాసన బాలేవని జనం మొత్తుకున్నా అధికారులు బాగానే ఉన్నాయన్నారు. 2014, 2015 సంవత్సరాల్లో అక్కడ ఈ వ్యాధితో 12 మంది పోయారు. ఆ జనం గొంతు మనకు తెలిసిన గొంతే.

మా హాస్టల్లో వచ్చే జ్వరాలు ఇవే అని మేం చెప్పట్లేదు. మలేరియా, టైఫాయిడ్ మనకు కొత్త కాదు. కానీ గట్టి జ్వరం, దగ్గు, ఆయాసం కలిసి వస్తే ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికెళ్లాలి. న్యుమోనియాకు వాడే కొన్ని మామూలు మందులు దీనిమీద పనిచేయవు. సరైనవి వేరే ఉన్నాయి, త్వరగా మొదలుపెడితే చాలామంది బతుకుతారు.

సెలవుల తర్వాత హాస్టల్ తెరిచేముందు ట్యాంకు కడగాలి, క్లోరిన్ వేయాలి, పైపుల్లో నిలిచిన నీళ్లు వదిలేయాలి. కడిగిన తేదీ ట్యాంకు మీద రాయమని మేమంతా సంతకాలు పెట్టి వార్డెన్ సార్‌కు ఇచ్చాం. మీ హాస్టల్ ట్యాంకు మీద ఏ తేదీ ఉందో చూసి కింద రాయండి.